ముప్పై ఒక్కరికి ఒకే నంబరు

ఆవిడ అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా కనిపించదు. ఆసుపత్రిలో అందరికీ ఆవిడ గడువక్క. ఆ పేరు పెట్టిన ఘనుడు మందుల కౌంటరతను. "అక్కా, నీకు మనుషుల మొహాలు గుర్తుండవు, వాళ్ళ కార్డుల గడువులే గుర్తుంటాయి" అని ఒకరోజు వేళాకోళం చేశాడు. అది కాస్తా అతుక్కుపోయింది. మొదట్లో ఆవిడ మూతి ముడిచింది. తరవాత తరవాత ఆ పేరుతో పిలిస్తేనే పలికేది.

కింది అంతస్తులో రక్తపరీక్షల గదికీ మందుల కౌంటరుకీ మధ్య ఒక అద్దాల కిటికీ ఉంది. దాని వెనక బల్ల, కంప్యూటరు, పొడుగాటి నోటుపుస్తకం, గడువక్క. ప్రభుత్వ ఆరోగ్య కార్డు ఉన్నవాళ్ళకి ఆ ఆసుపత్రిలో మందులూ ఆపరేషన్లూ ఉచితం. కాకపోతే కార్డుని ఏడాదికోసారి రెన్యువల్ చేయించుకోవాలి. చేయించుకోకపోతే అది చడీచప్పుడూ లేకుండా ఆగిపోతుంది. మందుల చీటీ పట్టుకుని గంటసేపు వరసలో నిలబడి, తీరా తన వంతు వచ్చాక "మీ కార్డు పనిచేయడం లేదండీ" అని వినేదాకా ఆ సంగతి ఆ మనిషికే తెలియదు. అలా జరగకుండా చూడటమే గడువక్క ఉద్యోగం.

కార్డులు ఎన్ని రకాలుగా ఆగిపోతాయో ఆవిడని అడగాలి. ఒకాయన ప్రభుత్వం కవరు చూసి పన్ను నోటీసనుకుని విప్పకుండా పరుపు కింద తోశాడు. ఒకావిడ ఇల్లు మారింది, ఉత్తరం పాత ఇంటికి పోయింది. ఇంకొకామె కొడుక్కి చెప్పింది, కొడుకు కోడలికి చెప్పాడు, కోడలేమో "మీరు చేయించేశారనుకున్నానండీ" అంది. ఇవన్నీ విని గడువక్క ముందు అందరినీ తిట్టేది, ఆ తరవాత కుర్చీ చూపించేది. "ఒంట్లో బాగోలేనివాళ్ళకి ఆ బాధే చాలు. ఈ కాగితాలు కూడా వాళ్ళే మొయ్యాలంటే ఎట్లా చచ్చేది?" అని కంప్యూటరు మీద విసుక్కునేది.

నోటుపుస్తకంలో నెలవారీగా పేర్లుండేవి. గడువుకి నలభై రోజుల ముందు ఆవిడే ఫోను చేసేది. పలకకపోతే మళ్ళీ చేసేది. ఆదివారం అన్నం తింటూ కూడా చేసేది. ఆవిడ భర్త బస్సుల వర్క్‌షాపులో మెకానిక్కు. "ఊళ్ళో అందరి గడువులూ చూస్తావు. ఈ ఇంట్లో గడువు దాటిపోయినవాణ్ణి నేనొక్కణ్ణే ఉన్నాను, నన్నెవరూ పట్టించుకోరు" అనేవాడు. "మీది జీవితకాలం కార్డు, వదిలించుకుందామన్నా కుదరదు" అనేది ఆవిడ.

తొమ్మిదేళ్ళలో తన కిటికీ దగ్గర ఒక్క కార్డు కూడా ఆగిపోలేదని చెప్పుకునేది. చెప్పుకోవడమేమిటి, డప్పు కొట్టుకునేది.

ఆరేళ్ళ కిందట దరఖాస్తులన్నీ కంప్యూటర్లోకి మారాయి. ఫోను నంబరు గడి నింపకపోతే దరఖాస్తు ముందుకి కదలదు. ఫోన్లు లేనివాళ్ళేం చేయాలి? అధికారులని అడిగితే "కొనుక్కోమనండి" అన్నారు. సిబ్బంది తమ సొంత నంబరు మాత్రం ఇవ్వకూడదని కాగితం కూడా అంటించారు. గడువక్క ఆ కాగితం చదివింది, పెదవి విరిచింది, తన నంబరే ఇచ్చేసింది. ఒకరికి ఇస్తే ఇంకొకరు వచ్చారు. అలా ముప్పై ఒక్కమందయ్యారు. "నీకేం భయం లేదు, మెసేజు నాకొస్తుంది, నేను చెప్తాగా" అని ఒక్కొక్కరికీ మాటిచ్చింది. వాళ్ళు నిశ్చింతగా ఇళ్ళకి పోయారు.

రెండేళ్ళ కిందట ఆ ఫోను కాస్తా బట్టల బకెట్లో పడి చచ్చింది. సిమ్ము భర్త పాత యజమాని పేరు మీద ఉంది, ఆ యజమాని దుకాణం ఎత్తేసి ఎటో పోయాడు. పాత నంబరు తిరిగి రాదన్నారు. ఆవిడ కొత్తది తీసుకుని బ్యాంకుకి చెప్పింది, బడికి చెప్పింది, తోడికోడలికి చెప్పింది, ఆఖరికి పాలవాడికి కూడా చెప్పింది. ప్రభుత్వం కంప్యూటర్లో ముప్పై ఒక్కమంది పక్కన తన పాత నంబరు కూర్చుని ఉందన్న సంగతి మాత్రం తట్టలేదు. నోటుపుస్తకం ఎలాగూ ఉంది, గడువులు అందులో చూసుకుని కబురు పెడుతూనే ఉంది కదా!

ఈ ఏడాది లెక్క మారింది. కార్డు ఏ నెలలో తీసుకున్నా సరే, ఇకనుంచి పుట్టిన నెలలోనే రెన్యువల్ అన్నారు. మొదటి విడత డెబ్బై దాటినవాళ్ళు. కొత్త నెల ఏదో ఎవరికివాళ్ళకి ఫోనులో మెసేజు వస్తుందన్నారు. గడువక్క కిటికీ దగ్గరికి వచ్చిన ప్రతివాళ్ళకీ గొంతు నొప్పెట్టేలా చెప్పింది. "ఫోన్లు చూసుకోండి, మెసేజు వస్తుంది, ఫోన్లు చూసుకోండి." ఆ మాట వందసార్లు అని ఉంటుంది. వందసార్లలో ఒక్కసారైనా ఆ ముప్పై ఒక్కమంది ఫోను తనే అని గుర్తు రాలేదు.

ఒక మంగళవారం పొద్దున మందుల కౌంటరతను కిటికీలోంచి తల దూర్చాడు.

"గడువక్కా, మన కుర్చీల బాబాయ్ ఏమయ్యాడు? ఇన్సులిన్‌కి రావడం లేదే?"

కుర్చీల బాబాయ్ అంటే పాత బస్టాండు వెనక సందులో కుర్చీలకి కేను అల్లే మనిషి. డెబ్బై మూడేళ్ళు, ఒంటరివాడు. ఫోను పెట్టుకోడు, ఎందుకంటే అది మోగితే అల్లికలో లెక్క తప్పుతుందట. ఆయనకి కబురు చెప్పాలంటే పక్కనున్న తాళాల కొట్టుకి ఫోను చేయాలి. తాళాల కొట్టాయన కేకేసి పిలుస్తాడు గానీ, తన నంబరు ప్రభుత్వ కాగితాల్లో రాస్తానంటే ఒప్పుకోడు.

"ఆయన గడువు ఇంకా నాలుగు నెలలుంది" అంటూనే గడువక్క కంప్యూటర్లో చూసింది. కార్డు ఆగిపోయి ఎనభై ఏడు రోజులు. కారణం: సమాచారం పంపినా స్పందన లేదు. సమాచారం పంపిన నంబరు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చూపు ఆగిపోయింది. అది తనదే. బకెట్లో పడి చచ్చినది.

"ఏంటక్కా, మొహం అలా పాలిపోయింది?"

"ఏం లేదు. నువ్వెళ్ళు" అంది.

ఆ ముప్పై ఒక్కమందిలో డెబ్బై దాటినవాడు ఆయనొక్కడే. మిగతావాళ్ళకి ఇంకా వ్యవధి ఉంది. ఆయనకి మూడు రోజులే ఉన్నాయి. తొంభై రోజుల లోపయితే ఆగిన కార్డు తిరిగి తెరవచ్చు. శుక్రవారం సాయంత్రం అయిదు దాటితే కొత్త దరఖాస్తు పెట్టుకోవాలి, దానికి నాలుగు నెలలు పడుతుంది. అంతదాకా ఆయన ఇన్సులిన్ సంగతేమిటి?

ఆవిడ సాయంత్రం దాకా ఆగలేదు. మూసి ఉందని కిటికీకి పలక తగిలించి సందులోకి పరిగెత్తింది.

ఆయన గదిలో సగం అల్లిన కుర్చీ ఒకటుంది. మనిషి సగమయ్యాడు. ఎడమ పాదానికి గుడ్డ చుట్టి ఉంది. "రా తల్లీ, కూర్చో" అంటూ ఉన్న ఒక్క మంచి కుర్చీ ముందుకి జరిపాడు.

"ఇన్సులిన్ ఎందుకు మానేశావు బాబాయ్?"

"మానలేదమ్మా. బయట కొనుక్కుంటున్నా. రెండు పూటలది ఒక పూటకి సర్దుకుంటున్నా."

"సర్దుకోవడానికి అదేమన్నా పంచదారా! నా దగ్గరికి రావాలని తెలీదా?"

"నువ్వు ఫోను చేస్తావు కదా అని..." అని ఆయన ఆగాడు. తల దించుకుని పాదం మీది గుడ్డ సరిచేసుకున్నాడు.

గడువక్క నోటికి ఏదొస్తే అది అనేసింది. "కంప్యూటర్లో తప్పు జరిగింది బాబాయ్. మేం సరిచేస్తాం." ఆయన "అలాగే తల్లీ" అన్నాడు. దరఖాస్తు మీద సంతకం పెట్టించుకుని బయటికొచ్చాక తన చెంప తనే వాయించుకోవాలనిపించింది. జరిగినదాంట్లో కంప్యూటరు తప్పు ఇసుమంతయినా లేదు.

మర్నాడు ఆయన్ని ఆసుపత్రికి తీసుకొచ్చి డాక్టరుకి చూపించింది. చిటికెన వేలు నల్లబడింది. వారంలోగా తీసేయాలి, ఆలస్యమైతే పాదం మొత్తానికి పాకుతుంది అన్నాడు డాక్టరు. కట్టు కట్టారు. మందుల కౌంటరతను తన పూచీ మీద ఒక్క సీసా ఇన్సులిన్ ఇచ్చాడు. అంతకుమించి ఏం చేయాలన్నా కార్డు తెరుచుకోవాలి.

తెరవడానికి పెద్ద తతంగమేమీ లేదు. మామూలు రెన్యువల్‌కి సంతకం చాలు గానీ, ఆగిన కార్డుకి కంప్యూటర్లో మీట నొక్కితే రిజిస్టరైన ఫోనుకి ఆరంకెల కోడ్ వస్తుంది. అది కొడితే అయిపోతుంది. పోనీ ముందు నంబరు మారుద్దామా అంటే దానికీ కోడ్ పాత నంబరుకే వెళ్తుంది. పై ఆఫీసుకి ఫోను చేస్తే, కోడ్ లేకుండా నంబరు మార్చడానికి ఇరవై ఒక్క పనిదినాలన్నారు. "ఇంత తాపత్రయం ఎందుకండీ, లబ్ధిదారు పట్టించుకోలేదని రాసేసి కొత్త దరఖాస్తు పెట్టించండి" అని అక్కడి గుమాస్తా సలహా ఇచ్చాడు.

"ఆయన పట్టించుకోలేదని ఎవరు చెప్పారు మీకు?" అని గడువక్క అరిచింది. అరిచాక ఫోను పెట్టేసింది.

ఇక మిగిలింది ఒకటే దారి. తన పాత నంబరుకి తనే ఫోను చేసింది. ఎవరో మగమనిషి ఎత్తాడు.

"ఏమండీ, ఈ నంబరు ఇదివరకు నాదండీ."

"అయితే? ఇప్పుడు నాది."

"మీకు ఆరోగ్య కార్డుల మెసేజులు వస్తున్నాయి కదండీ..."

"రావడమా! నాకు తెలిసిన రోగాలు రెండో మూడో. మీ మెసేజులు చూస్తే ఊళ్ళో రోగాలన్నీ నాకే ఉన్నట్టుంది. చూసినవి చూసినట్టు తీసేస్తున్నా."

"ఇప్పుడు ఒక కోడ్ వస్తుందండీ. అది కాస్త చదివి చెబితే..."

అటునుంచి నవ్వు వినిపించింది. "అమ్మా, మా అత్తగారికి కూడా ఒకావిడ ఇలాగే తియ్యగా ఫోను చేసింది. కోడ్ చెప్పగానే బ్యాంకులో ఉన్నదంతా ఊడ్చుకుపోయారు. కోడ్ ఒకటే చాలా, మా ఇంటి తాళంచెవి ఎక్కడ పెడతామో కూడా చెప్పమంటారా?"

ఫోను కట్టయింది. మళ్ళీ చేస్తే మోగలేదు. నంబరు బ్లాక్ చేశాడు మహానుభావుడు.

సాయంత్రం ఇంటికెళ్ళి భర్తకి జరిగిందంతా చెప్పింది. ఆయన వేళాకోళం చేయలేదు. చేతులకున్న గ్రీజు తుడుచుకుంటూ అంతా విన్నాడు.

"అతని స్థానంలో నువ్వుంటే చెప్తావా?"

"చచ్చినా చెప్పను."

"మరి? కోడ్ అడక్కు. మనిషినే రమ్మను. కళ్ళతో చూశాక నమ్మితే నమ్ముతాడు, లేకపోతే లేదు."

గురువారం పొద్దున మందుల కౌంటరతని ఫోను తీసుకుని చేసింది. అటు "హలో" అనగానే ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది. "కోడ్ నాకు చెప్పకండి. మీరే రండి. పెద్దాసుపత్రి, కింది అంతస్తు, మూడో కిటికీ. ఫోను మీ చేతిలోనే ఉంచుకోండి. ఇక్కడొక డెబ్బై మూడేళ్ళాయన పాదం పోయేట్టుంది. ఆ తప్పు మీది కాదు, ఆయనది కాదు. నాది. రేపు సాయంత్రం అయిదు దాకా ఉంటాను."

అతను టక్కున ఫోను పెట్టేశాడు.

గురువారం ఎవరూ రాలేదు. శుక్రవారం మధ్యాహ్నానికీ రాలేదు. మూడున్నరకి ఆసుపత్రి గేటు దగ్గర పెద్ద గోల. డ్రైవింగు స్కూలు కారొకటి దారికి అడ్డంగా ఆగిపోయింది. స్టీరింగు పట్టుకుని చెమటలు కక్కుతున్న అమ్మాయి ఒకతె, పక్కన గుబురు మీసాల మాస్టారు. "రివర్సు, రివర్సమ్మా! అది హారను!" అని అరుస్తున్నాడు. చివరికి ఆయనే దిగి, కారుని దాని ఖర్మకి వదిలేసి లోపలికొచ్చాడు. మూడో కిటికీ ముందు నిలబడి, దాని మీద అంటించిన కాగితం గట్టిగా చదివాడు.

"'మీ కోడ్ ఎవరికీ చెప్పకండి.' ఎవరు రాశారండీ ఇది?"

"నేనే" అంది గడువక్క, ఫోనులో విన్న గొంతు గుర్తుపట్టి.

మాస్టారు పకపకా నవ్వాడు. గడువక్క నవ్వలేదు. ఆవిడ మొహం చూసి ఆయనా ఆపేశాడు. బల్ల ముందు కూర్చోబెట్టి మొదటినుంచీ చెప్పింది. నంబరు ఇవ్వకూడదని తెలిసీ ఇచ్చింది, ఫోను పోయాక మర్చిపోయింది, అందరినీ ఫోను చూసుకోమని చెప్పి తన ముప్పై ఒక్కమందినీ గాలికొదిలేసింది. ఆ మాటలు బయటి మనిషికి చెప్పడం ఎందుకో సులువుగానే ఉంది.

"ఆ పెద్దాయన పేరేమిటి?" అన్నాడు మాస్టారు. చెప్పింది. ఆయనకి గుర్తొచ్చింది. "మూడు నాలుగు నెలల కిందట ఆ పేరుతో వరసగా వచ్చాయి. అయిదో ఆరో. ఎవడో దొంగవెధవ అనుకున్నా."

ఫోను బల్లమీద పెట్టాడు. మీట నొక్కింది. కోడ్ వచ్చింది. ఆయన ఆరంకెలూ విడివిడిగా, కారు నేర్పుతున్నట్టు నింపాదిగా చదివాడు. తెర మీద ఎర్ర అక్షరాలు పచ్చబడ్డాయి. అప్పుడు టైము నాలుగూ పది.

"మిగతా ముప్పైమందీ?" అన్నాడు మాస్టారు. "ఇవాళే కానిచ్చేయండి. నాకూ ఈ పీడ వదులుతుంది."

ఒక్కొక్కరి నంబరూ మార్చేసరికి చీకటి పడబోతోంది. కొందరికి కూతుళ్ళ నంబర్లు, కొందరికి ఇరుగుపొరుగువి. తాళాల కొట్టాయన కూడా గడువక్క నోటికి దడిచి చివరికి ఒప్పుకున్నాడు. బయట ఆ డ్రైవింగు పిల్ల ఎవరి సాయమూ లేకుండా కారు తిప్పి నీడలో పెట్టేసింది. మాస్టారు అది చూసి, తనున్నప్పుడు ఎందుకు చేయలేకపోయిందో అర్థం కాక గొణుక్కుంటూ వెళ్ళాడు.

శనివారం కుర్చీల బాబాయ్‌ని వార్డులో చేర్చారు. సోమవారం చిటికెన వేలు తీసేశారు. పాదం దక్కింది. అదే సోమవారం గడువక్క సూపరింటెండెంటుకి తన తప్పు తనే రాసిచ్చింది. ఆయన ఆవిడకి మెమో ఇవ్వక తప్పలేదు. రెండు నెలలు రికార్డు గదిలో పనిచేయమన్నారు. మందుల కౌంటరతను "ఎవరూ అడగలేదు కదక్కా, ఎందుకు రాశావు?" అని మొత్తుకున్నాడు. అసలు చెప్పాల్సినవాడికి ఇంకా చెప్పలేదన్న బెంగ ఆవిడని తినేస్తోంది.

బుధవారం వార్డులోకి వెళ్ళింది. ఆయన మంచం మీద కూర్చుని, చిరిగిన చాపలోంచి ఊడిన పుల్లలని తిరిగి దోపుతున్నాడు.

"బాబాయ్, ఆవేళ నీతో అబద్ధం చెప్పాను" అంది నిలబడే. "కంప్యూటరు తప్పు కాదు. నాది. నీ కార్డుకి నా నంబరు ఇచ్చాను. ఆ నంబరు పోయింది, మార్పించడం మర్చిపోయాను. మెసేజులు ఇంకెవరికో పోయాయి. నీ వేలు నావల్లే పోయింది."

ఆయన చేతిలో పుల్ల ఆగింది.

"మర్చిపోయావా?" అన్నాడు. "అంటే... కోపం కాదా?"

"కోపమా? ఎవరి మీద?"

"నామీద తల్లీ. నిరుడు నీ కుర్చీ అల్లి ఇచ్చినప్పుడు నోరు జారాను కదా. 'కేను తప్పు కాదమ్మా, నీ బరువు తప్పు' అన్నాను. నలుగురూ నవ్వారు. ఆ తరవాత నీ ఫోను రాలేదు. మందులకొస్తే కౌంటరు దగ్గర ఎవరో కొత్త పిల్ల, కార్డు లేదంది. నీ కిటికీ ముందుకొచ్చి నిలబడ్డాను. నువ్వు ఎవరికో ఏదో చెప్తున్నావు, తలెత్తలేదు. ఆడపిల్లని అంత మాట అన్నానేమిటి అని మూడు నెలలు తల బద్దలు కొట్టుకున్నాను. క్షమించమని అడుగుదామంటే మొహం చెల్లలేదు."

గడువక్క మంచం పక్కనున్న స్టూలు మీద కూలబడింది. ఆ మాట ఆయన ఎప్పుడన్నాడో కూడా ఆవిడకి గుర్తు లేదు. ఆయన వచ్చి నిలబడిన రోజున తను ఎవరికో ఏం చెప్తోందో మాత్రం తెలుసు. ఫోన్లు చూసుకోండి, మెసేజు వస్తుంది. ఏడుపు ఆపుకోవాలని చూసింది, ఆగలేదు. వార్డులో అందరూ చూస్తుండగా వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆయన మొహం మాత్రం వెలిగిపోతోంది. మూడు నెలల బరువు దిగిపోయినవాడిలా ఉన్నాడు. "మర్చిపోయిందట!" అని పక్క మంచం ఆయనకి చెప్పాడు. "నేనేమీ అనలేదట!"

కాసేపటికి ఆవిడ కళ్ళు తుడుచుకుని లేచింది.

"మళ్ళీ గడువెప్పుడు తల్లీ?" అని అడిగాడు ఆయన.

నెల, తారీఖు చెప్పింది. ఆయన దిండు కిందనుంచి పెన్సిలు తీసి, అట్టముక్క మీద తన చేత్తోనే రాసుకున్నాడు.

"ఈసారి నీ ఫోను రాకపోతే నేనేమన్నానా అని కూర్చోను" అన్నాడు. "నడిచొచ్చి నిన్నే తిట్టిపోతాను. వేలే కదా పోయింది, కాలుందిగా."

"తిట్టు బాబాయ్" అంది గడువక్క.